పిచ్చుకల వాటా

ఆ రోజు ఆ ఇంట్లో ఉన్నది నలుగురు మనుషులు, ఒక మేక. వంటింటి గడప దగ్గర కాళ్ళు చాపుకుని నాయనమ్మ సూరమ్మ. నులకమంచం మీద, చేసే పని లేక పడుకున్న చిన్నాన్న బసవడు. రోలు పక్కన, ఎవరికీ అడ్డం రాకుండా ఒదిగి కూర్చున్న వరాలు. అరుగు మీద, పొద్దున్న వచ్చి ఇంకా కదలని జల్లెడలమ్మేవాడు. మేక పాత తాటాకు బుట్టని నమిలే పనిలో ఉంది. చూరు కింద పిచ్చుకలు కూడా ఉన్నాయి కానీ, వాటిని ఇంట్లోవాళ్ళ కింద లెక్కెయ్యడం ఏటిమొగ ఊళ్ళో అలవాటు లేదు. లెక్కేసి ఉంటే కళమాపురి రాజ్యానికి ఇంత కష్టం వచ్చేది కాదేమో.

జల్లెడలవాడి సంగతి సూరమ్మకి మొదటి నుంచీ నచ్చలేదు. మనిషి పొడుగ్గా, పసిమిగా ఉన్నాడు. మాట మరీ మెత్తగా ఉంది. తెచ్చిన జల్లెడల్లో ఒకదాని అంచు ఊడిపోతే కట్టబోయి వేలు కోసుకున్నాడు.

"ఏవయ్యా, ఊళ్ళో జల్లించడానికి ఊక కూడా లేదు. నీ జల్లెడలు ఎవరు కొంటారని తెచ్చావు? పోనీ అమ్మేవాడివైనా అల్లడం రాదే నీకు. నిజం చెప్పు, ఎవరింటి బిడ్డవి?" అంది సూరమ్మ.

అతను అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, తను ఉదయార్క మహారాజు కొడుకునని, పేరు జయకేతుడని చెప్పాడు. బసవడు మంచం మీంచి దిగి నిలబడ్డాడు. సూరమ్మ మాత్రం కాళ్ళు ముడుచుకోలేదు. రాజుగారబ్బాయైతే మాత్రం వేలికి పసుపు పెట్టుకోవద్దా అని, వరాల్ని పంపి పసుపు తెప్పించింది.

రాజకుమారుడు మారువేషంలో ఊరూరా ఎందుకు తిరుగుతున్నాడో తెలియాలంటే కళమాపురి ఒకప్పుడు ఎలా ఉండేదో తెలియాలి.

పడమట నల్లకొండల వరస, తూర్పున ఉప్పునీటి పాయలు, నడుమ శ్యామలానది. ఆ నది వంకలు తిరిగిన చోటల్లా పొలాలు నెమలి పురి విప్పినట్టు రంగురంగులుగా ఉండేవి. ఒక్కో నేలకి ఒక్కో వరి. ఉప్పు కయ్యల్లో ఎర్రగింజ పండేది. మెట్ట మీద నాలుగు చినుకులకే పొట్టకొచ్చే పొట్టిరకం పండేది. ఏటి ఒడ్డున నీరుదాటి అనే రకం ఉండేది. వరదొస్తే అది నీటితో పాటే పెరిగి, తల ముంచకుండా నిలబడేది. పంటకాలంలో కొండ మీంచి చూస్తే పచ్చలు, పగడాలు, గోమేధికాలు కలిపి పరిచిన తివాచీలా ఉండేదట దేశం. కవులు అలాగే రాశారు. అందులో అతిశయోక్తి కొంచెమే.

అయితే ఆ వరులన్నీ కొద్దికొద్దిగా పండేవి. జనం పెరిగారు. రెండు కరువులొచ్చాయి. ఆ కరువుల్లో పిల్లలు పోవడం కళ్ళారా చూసిన ఉదయార్క మహారాజు, మళ్ళీ అలాంటిది చూడకూడదని ఒట్టు పెట్టుకున్నాడు. సరిగ్గా అప్పుడే ఉల్కాముఖుడనే మాంత్రికుడు సభకి వచ్చి స్వర్ణధాన్యం చూపించాడు. పాత వరికి రెట్టింపు పండుతుందన్నాడు. పండింది కూడా. అందులో అబద్ధం లేదు.

రాజు సంతోషించి శాసనం చేశాడు. స్వర్ణధాన్యం వేసిన రైతుకి నీటిపన్ను సగం, పాతరకం వేసిన రైతుకి రెట్టింపు. మరుసటేడు, పాత విత్తనాలన్నీ కోటలోని బీజశాలకి అప్పగించాలని, అక్కడ భద్రంగా ఉంచుతామని ఇంకో శాసనం. బీజశాల పెద్ద వింధ్యాదేవి ఇది తగదని సభలో చెప్పింది. గాదెలు నిండుతున్న రోజులవి, ఆమె మాట ఎవరికీ ఎక్కలేదు. ఆమెని పంపేసి తాళాలు మాంత్రికుడి చేతికిచ్చారు. ఆ తర్వాత కల్తీ విత్తనం పట్టడానికంటూ అతను ప్రతి ఊరి చావడి దగ్గరా స్తంభం నాటి, దాని మీద ఒక ఇనుప చిలుకని కూర్చోబెట్టాడు. దానికీ రాజముద్ర ఉంది. ఒక్కొక్క మెట్టూ దిగుతున్నప్పుడు అది మెట్టులాగే కనిపించింది. దిగాక చూసుకుంటే బావి అడుగున ఉన్నారు.

స్వర్ణధాన్యానికి ఉన్న గుణం ఏమిటంటే, పండిన గింజ మళ్ళీ మొలవదు. ఏటేటా విత్తనం మాంత్రికుడే ఇవ్వాలి. ఇస్తున్నన్నాళ్ళూ ఆ సంగతి ఎవరికీ పట్టలేదు. పోయిన ఏడు శ్యామల పొంగింది. స్వర్ణధాన్యం పొట్టి పైరు, నీళ్ళలో మునిగి కుళ్ళింది. దేశమంతా ఒకటే విత్తనం కాబట్టి ఏటి ఒడ్డు చేనూ, ఉప్పు కయ్యా, లోతట్టు మడీ అన్నీ ఒకేసారి పోయాయి. పాత విత్తనాల కోసం బీజశాల తెరిస్తే లోపల బూడిద ఉంది.

అప్పుడు ఉల్కాముఖుడు తన బేరం బయటపెట్టాడు. కొత్త విత్తనం కావాలంటే సింహాసనం ఇవ్వాలి. వేరే దారి లేక రాజు ఒప్పుకున్నాడు గానీ ఒక షరతు రాయించాడు. ఆరుద్ర కార్తె ముగిసేలోగా రాజ్యంలో ప్రజల చేతిలో పెరిగిన ఒక్క వరి మొలక సభలో చూపించగలిగితే ఒప్పందం చెల్లదు. మాంత్రికుడు నవ్వి సరే అన్నాడు. ఇనుప చిలుకలుండగా మొలక ఎక్కడి నుంచి వస్తుంది?

ఆరుద్ర కార్తె సగం దాటింది. రాజకుమారుడు ఏ ఊరెళ్ళినా పాతర్లు ఖాళీ, కుండలు ఖాళీ. ఎక్కడైనా ఎవరైనా పిడికెడు గింజలు దాస్తే చిలుక కూసింది, భటులు వచ్చారు, గింజలు నిప్పులో పడ్డాయి. అతను సంపాదించింది ఒక్క సంగతే. మాంత్రికుడి గుహలో బండ వెనక దాక్కుని, చిలుకలకి వాడు చెప్పే మంత్రం విన్నాడు. 'మనిషి నాది అనుకున్న ప్రతి బతికున్న గింజా నీ కంట పడుగాక, దాన్ని పట్టినవాణ్ణి నువ్వు పొడుచుగాక.' ఇది విని ఏం చెయ్యాలో అతనికి తోచలేదు. ఏటిమొగలో నీరుదాటి పండేదని ఎవరో చెబితే చివరి ఆశగా వచ్చాడు.

సూరమ్మ అంతా విని, తమ దగ్గర ఒక్క గింజ లేదంది. ఉంటే ఏనాడో వండుకుని ఉండేవాళ్ళమని బసవడు అన్నాడు. రాజకుమారుడు లేచి జల్లెడల కావడి ఎత్తుకోబోయాడు.

వరాలు అప్పటిదాకా నోరు విప్పలేదు. ఆ పిల్ల సంగతే అంత. బయటివాళ్ళ ముందు మాట రాదు, ముఖం వంక చూడదు, వాళ్ళ కాళ్ళు చూస్తుంది. ఇప్పుడు రాజకుమారుడి కాళ్ళు అరుగు దిగి వానధార పడే చోటు తొక్కబోతుంటే, గబుక్కున వెళ్ళి అతని పంచె అంచు పట్టుకుని ఆపింది. ఆపాక ఏం చెప్పాలో తెలియక నేల చూపించింది.

చూరు నీళ్ళు కారి నేల మీద చిన్న కాలవలా గీత పడింది. ఆ గీత వెంట పచ్చటి సూదులు నిలబడి ఉన్నాయి. గడ్డి అనుకుని ఇంట్లోవాళ్ళు రోజూ తొక్కుతున్నారు. రాజకుమారుడు వంగి ఒకదాన్ని పెకిలించాడు. వేరు చివర, పొట్టు ఊడీ ఊడని వడ్లగింజ.

అందరూ ఒకేసారి తలెత్తి చూశారు. చూరుకి కంకుల కుచ్చు వేలాడుతోంది. పిచ్చుకలు దాని మీద ఊగుతూ గింజలు వలుచుకుంటున్నాయి, సగం తింటున్నాయి, సగం రాలుస్తున్నాయి.

ఆ కుచ్చు కథ ఆ ఊళ్ళో చిన్నపిల్లలకి కూడా తెలుసు. స్వర్ణధాన్యం చేలో అక్కడక్కడా ఎప్పుడో రాలిన పాత గింజ మొలిచి, మిగతా పైరు కంటే మూరెడు పైకి లేచేది. అలాంటి మొక్కల్ని కేళీలంటారు. చేలో కేళీ కనిపిస్తే తనిఖీకి వచ్చిన భటుడు తిట్టేవాడు కాబట్టి ఆడవాళ్ళు వాటిని ఏరేసేవాళ్ళు. ఏరిన కంకుల్ని గట్టున పారెయ్యబుద్ధి కాక, జడలా అల్లి పిచ్చుకల కోసం చూరుకి కట్టేవాళ్ళు. మంచి వడ్లు గాదెకి, కేళీలు పిచ్చుకలకి. ఇది అక్కడ ఎంత అలవాటంటే, పోయిన ఏడు వరదలో పైరంతా మునిగి కేళీలు మాత్రమే నీళ్ళ మీద నిలబడ్డప్పుడు కూడా, వాళ్ళు ఏడుస్తూనే వాటిని కోసుకొచ్చి, అల్లి, చూరుకి కట్టారు. అవి నీరుదాటి వడ్లని ఒక్కరికీ తట్టలేదు. కేళీని కేళీ అనడమే తప్ప దాని అసలు పేరు అడగడం మానేసి చాలా కాలమైంది. మిగతా ఇళ్ళ చూర్లకి ఇప్పుడు ఒట్టి గడ్డే మిగిలింది. సూరమ్మ ఇంటి చూరు లోతు, వాన తగలదు కాబట్టి ఇక్కడ ఇంకా కాసిని కంకులున్నాయి.

ఎవరూ వద్దనేలోగా బసవడు మంచం ఎక్కి కుచ్చు లాగి, పంచెలో మూటకట్టి బొడ్లో దోపుకున్నాడు. మరుక్షణం చావడి దగ్గర ఇనుప చిలుక కూసింది. ఇనుప రేకు మీద మేకుతో గీసినట్టున్న ఆ కూతకి మేక కట్టు తెంపుకుని పారిపోయింది.

రాజకుమారుడికి అప్పుడు మంత్రం అర్థమైంది. ఇన్నాళ్ళూ అందరి కళ్ళ ముందూ వేలాడినా చిలుక కంటికి ఆనకపోవడానికి కారణం ఒకటే. దాన్ని ఎవరూ నాది అనుకోలేదు. కుచ్చు తిరిగి కట్టెయ్యమని బసవడికి చెప్పాడు. బసవడు కట్టాడు గానీ కూత ఆగలేదు. రాజకుమారుడు తనే విప్పి కట్టాడు. ఇంకా గట్టిగా కూసింది. వీధిలో భటుల కాళ్ళ చప్పుడు దగ్గరైంది.

"అది ఎప్పుడూ కట్టేది నా మనవరాలు. దానికివ్వండి" అంది సూరమ్మ.

వరాలు కుచ్చు అందుకుని మంచం మీదికెక్కింది. రోజూ ఎలా చేస్తుందో అలాగే, ముందు రాలిన కంకులు సర్ది, పిచ్చుకలు కూర్చోవడానికి వీలుగా తాడు కొంచెం వదులుగా ముడివేసి, నాలుకతో చిన్న చప్పుడు చేసి వాటిని పిలిచింది. అవి వచ్చి వాలాయి. చిలుక కూత ఠక్కున ఆగిపోయింది.

భటులు వచ్చారు. దళపతి ఇనుప చిలుకని మణికట్టు మీద పెట్టుకుని మరీ వచ్చాడు. కుండలు పగలగొట్టారు, రోలు దొర్లించారు, పొయ్యిలో బూడిద తోడారు. రాజకుమారుడి జల్లెడలన్నీ తొక్కి చూశారు. చిలుక మెడ తిప్పుతూ గది నాలుగు మూలలూ చూసి ముంగిలా ఊరుకుంది. చివరికి దళపతి చూరు వైపు చూశాడు.

"ఏం ముసలమ్మా, మనుషులకి గంజి లేకపోతే పిచ్చుకలకి కంకులా?"

"ఈ ఇంట్లో అవి మాకంటే ముందు నుంచీ ఉన్నాయి నాయనా. అద్దె మేమే ఇచ్చుకోవాలి" అంది సూరమ్మ.

భటులు నవ్వారు. దళపతికి నవ్వు రాలేదు గానీ ఆకలిగా ఉంది. కుచ్చులోంచి ఒక కంకి తెంపి, గింజలు దూసి నోట్లో వేసుకోబోయాడు. మణికట్టు మీది చిలుక అతని చెవి పక్కనే కూసి, ముక్కుతో బుగ్గ చీల్చింది. అతను గింజలు విసిరేసి గెంతాడు. చిలుక మళ్ళీ నోరు మూసుకుంది. వానకి తుప్పు పట్టి దీనికి మతిపోయిందని, కొలిమికి పంపాలని తిట్టుకుంటూ దళపతి బుగ్గ పట్టుకుని వెళ్ళిపోయాడు. వెనక నవ్విన భటుడెవరో చూసి పెట్టుకున్నాడు కూడా.

ఆ తర్వాత పనులు చకచకా జరిగాయి. చూరు కింద మొలిచినవి ఎవరి చేతిలోనూ పెరిగినవి కావు, ఒప్పందానికి పనికిరావు. గింజ మనిషి చేతిలో మొలకెత్తాలంటే నానబెట్టి, తడి గోనెలో మూటగా మండె కట్టి, వెచ్చగా దాచాలి. దాచడం అంటేనే నాది అనుకోవడం. ఆ పని చిలుకలు రాలేని చోటే చెయ్యాలి. నల్లకొండల మీద జలపాతం ఉంది, దాని వెనక గుహ ఉంది. నీటి తెర దాటితే ఇనుము తుప్పు పట్టి కూలుతుందని చిలుకలు అటు రావు. వింధ్యాదేవి ఉంటున్నదీ అక్కడేనని రాజకుమారుడు చెప్పాడు. కుచ్చు అక్కడికి చేరాలి.

ఎవరు మోస్తారన్నది తేలడానికి ఎక్కువ సేపు పట్టలేదు. రాజకుమారుడు చెయ్యి వేస్తే నా రాజ్యం అనుకుంటాడు. బసవడు నా చేను అనుకుంటాడు. సూరమ్మ కొండ ఎక్కలేదు. వరాలు ఊరి కాలవ దాటి ఎరగదు, అయినా కుచ్చుని చేపాటి కర్రకి కట్టి ఆమె చేతికే ఇచ్చారు.

"దారిలో పిచ్చుకలొస్తే తోలకు. తోలితే నీదైపోతుంది" అని మాత్రం చెప్పింది సూరమ్మ.

పిచ్చుకలు రావడమేమిటి, ఊరి పిచ్చుకలన్నీ వెంటబడ్డాయి. గట్ల మీద వరాలు ముందు, తొక్కుడుపడ్డ జల్లెడలు మోస్తూ రాజకుమారుడు వెనక. అడుగడుక్కీ గింజ రాలుతోంది, అడుగడుక్కీ గింజ తగ్గుతోంది. రాజకుమారుడు పళ్ళు బిగబట్టి ఆకాశం వంక చూస్తూ నడిచాడు. కుచ్చు వంక చూస్తే చాలు, దూరంగా ఏదో ఊరి స్తంభం మీద కిర్రుమని చప్పుడవుతోంది. అమ్మాయీ కొంచెం తొందరగా నడువు అనడం తప్ప అతను చెయ్యగలిగింది లేదు.

కాలవ వంతెన దగ్గర కాపలాభటులు ఆపి, ఇదేం వేషం అని అడిగారు. పిచ్చుకల పెళ్ళి ఊరేగింపని రాజకుమారుడు చెప్పాడు. వాళ్ళు పిచ్చివాడని వదిలేశారు. శ్యామలానది దగ్గర పడవలు లేవు, తోలు పుట్టి ఒకటి దొరికింది. నడినదిలో సుడి పట్టుకుని పుట్టిని బొంగరంలా తిప్పింది. కుచ్చు నీళ్ళకి వంగింది. వరాలు కర్రని తల మీదికెత్తి పట్టుకుంది. రాజకుమారుడు జల్లెడ చట్రాన్ని తెడ్డుగా చేసి, అరచేతులు చీరుకుపోయేదాకా వేస్తే పుట్టి సుడి అంచుకి వచ్చి ఒడ్డుకి కొట్టుకుంది. జల్లెడలు అందుకైనా పనికొచ్చాయి.

అవతలి ఒడ్డున మోకాలి లోతు బురద. ఎదురుగా నల్లకొండ. దాని మెడలోంచి జలపాతం దిగుతోంది. పైన వెండి జలతారు, నడుమ విప్పిన మల్లెల బుట్ట, కింద నురగ కక్కే వేయి ఏనుగుల మంద. దాని హోరు ఇక్కడికే వినిపిస్తోంది. కుచ్చులో ఇంకా గుప్పెట్లో పట్టనన్ని కంకులున్నాయి. రాజకుమారుడు పుట్టిని ఒడ్డుకి లాగుతుండగా వరాలు ముందు నడిచింది.

బురదలో ఒక ముసలివాడు చెయ్యి చాపి నిలబడి ఉన్నాడు. ఒళ్ళంతా ఎముకలే.

"ఆకలి తల్లీ. ఆ కంకులు నాకివ్వు. నమిలి పడుకుంటాను."

వరాలు ఆగిపోయింది. ఇస్తే విత్తనం పోతుంది. ఇవ్వనంటే నావి అన్నట్టే, చిలుకలు ముంచుకొస్తాయి. కొత్తమనిషి కాబట్టి ఆమె ముఖం చూడలేదు, అలవాటుగా కాళ్ళు చూసింది. మోకాలి లోతు బురద మీద ఆ కాళ్ళు ఆనీ ఆనకుండా ఉన్నాయి. మడమల దాకా శుభ్రంగా, అప్పుడే కడుక్కున్నట్టున్నాయి.

"నన్నడుగుతావేం తాతా, వాటిని అడుగు" అంది పిచ్చుకల్ని చూపించి. ఆ ఏడాదిలో బయటివాళ్ళతో ఆమె ఆడిన పెద్ద మాట అదే.

ముసలివాడి కళ్ళు ఎర్రబడ్డాయి. ఎముకల గూడు చీల్చుకుని, ఏటిమొగ చిలుక కూత విని దారి కాసిన ఉల్కాముఖుడు నిప్పుల గడ్డంతో బయటికి వచ్చాడు. చెయ్యి విసిరి కుచ్చుని పట్టి లాగాడు. అల్లిక తెగింది. పై ముక్క వాడి గుప్పెట్లోకి వెళ్ళింది, తోక ముక్క కర్రకి మిగిలింది. "నాది" అన్నాడు వాడు.

వాడు చెప్పిన మంత్రమే వాడికి అడ్డం తిరిగింది. ఒడ్డు పొడుగునా ఊరూరి స్తంభాల మీద చిలుకలు కూశాయి. ఇనుప రెక్కలు ఒక్కసారిగా లేచాయి. నల్లటి మేఘంలా వచ్చి, బతికున్న గింజ ఎవరి చేతిలో ఉందో వాళ్ళ మీద పడ్డాయి. వాడు ప్రతిమంత్రం చదవబోతే ఒకటి పెదవి పట్టుకుంది. పంతానికి గుప్పెట విప్పలేదు వాడు. విప్పితే చిలుకలు వదిలేవే.

రాజకుమారుడు వరాలు చెయ్యి పట్టుకుని పరుగెత్తాడు. నాచు పట్టిన రాళ్ళు, ముళ్ళపొదలు, జారుడు మెట్లు. వెనక వాడి కేకలు తగ్గాయి. అంటే వాడు గుప్పెట విప్పాడన్న మాట. ఇద్దరూ కళ్ళు మూసుకుని ఏనుగుల మంద లాంటి ఆ నీటిలోకి దూకారు. నీళ్ళు నెత్తిన మోది, ఊపిరి ఆపి, అవతల గుహ నేల మీద పడేశాయి.

లోపల దివ్వె వెలుగుతోంది. వింధ్యాదేవి నెరిసిన జుట్టు ముడివేసుకుని, గోనెసంచి ఉతుకుతూ కనిపించింది. రాజకుమారుణ్ణి చూసి లేవలేదు, వరాలు చేతిలోని తడి కంకుల్ని చూసి లేచింది. వాటిని దూసి అరచేతిలో పోసుకుంది. ఒక్క పిడికెడు. రెండు పిచ్చుకలు కూడా నీటి తెర దాటి వచ్చి దివ్వె పక్కన రెక్కలు దులుపుకున్నాయి.

ఇవి చాలునా అని రాజకుమారుడు అడిగాడు. ఈ ఏడు ఆకలి తీర్చడానికి చాలవని, అందుకు పక్క రాజ్యాల కాళ్ళు పట్టుకోక తప్పదని ఆమె చెప్పింది. మొలకెత్తితే ఒప్పందం తప్పుతుంది. వచ్చే ఏడు ఒక మడికి, ఆ పైన ఊరికి, ఆ పైన దేశానికి విత్తనం అవుతుంది. అయితే అప్పుడు కూడా దేశమంతా ఇదొక్కటే వెయ్యకూడదని, మెట్టకి వేరే, ఉప్పు కయ్యకి వేరే వెతకాలని, స్వర్ణధాన్యాన్ని సైతం ఒక మూల ఉంచుకోవచ్చని అంది.

"బాబూ, వాడి విత్తనం చెడ్డది కాదు. మీ నాన్నగారు దాన్ని ఒక్కదాన్నే ఉంచారు. అదీ తప్పు."

రాజకుమారుడు తల వంచాడు. నీటి తెర అవతల మంట వెలుగు కదిలింది. ఉల్కాముఖుడు కొండెక్కి వచ్చేశాడు. చిలుకలు నీళ్ళకి ఆగాయి గానీ వాడు ఆగడు. జయకేతుడు భుజాన మిగిలిన కావడి బద్దలో ఇన్నాళ్ళూ దాచుకున్న కత్తి దూసి తెర దగ్గరికి వెళ్ళాడు.

వింధ్యాదేవి గింజల్ని నీళ్ళలో ముంచి తీసి, తడి గోనెలో మండె కట్టింది. గుహ వెనక రాతి గది ఉంది. పూర్వం బీజశాలవాళ్ళు మొలక కట్టడానికి తొలిపించిన గది, వెచ్చగా చీకటిగా ఉంటుంది. మూటని వరాలు ఒడిలో పెట్టి ఆ గదిలోకి నడిపించింది. ఆరిపోకుండా నీళ్ళు చిలకరించాలి, వేడెక్కితే తిరగెయ్యాలి, మనిషి పక్కనే ఉండాలి. ఇదంతా వరాలుకి తెలుసు, ఏటిమొగలో ప్రతి ఇంట్లో చేసే పనే. తెలియనిది ఇంకొకటి ఉంది.

"వాడు ఏ రూపమైనా ఎత్తుతాడు. మీ నాయనమ్మ గొంతుతో పిలుస్తాడు. ఆకలని ఏడుస్తాడు. మొలక కనిపించేదాకా ఎవరికీ తలుపు తియ్యకు. నేనడిగినా తియ్యకు" అంది వింధ్యాదేవి.

పిచ్చుకలు గదిలోకి దూరబోయాయి. ఒకటి వచ్చి వరాలు మోకాలి మీద వాలి, గోనె ముడి దగ్గర పొడిచింది. వరాలు ఎప్పట్లాగే చెయ్యి కదపకుండా కూర్చుంది. వింధ్యాదేవి అది చూసింది.

"ఇంక వాటికివ్వకూడదమ్మా. ఇప్పుడు చెప్పు, ఇవి ఎవరివి?"

వరాలు మొట్టమొదటిసారి ఎదుటి మనిషి ముఖంలోకి చూసింది. తర్వాత చెయ్యెత్తి, మోకాలి మీది పిచ్చుకని తోలింది.

"మావి" అంది.

నీటి తెర అవతల ఇనుప చిలుకలన్నీ ఒక్కసారి కూశాయి. వింధ్యాదేవి పిచ్చుకల్ని బయటికి తరిమి, తనూ బయటికి వచ్చి రాతితలుపు మూసేసింది.